పెద్దల అమావాస్యయు పరిశుద్ధుల దినమును

భాద్రపద మాసమందలి బహుళ పక్షమును మన దేశపు హిందువులు పితృపక్షమనియు మహాలయ పక్షమనియు పిలుతురు. ఆ పక్షము ముగియు అమావాస్యను కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల ప్రజలు పెత్తరమాస అందురు. ఆ ఉదయమున ఇంటి యజమాని స్నానము చేసి, బియ్యము, పప్పు, ఉప్పు, చింతపండు, కూరగాయలు సిద్ధపరచి, చనిపోయిన తండ్రి పేరు, తల్లి పేరు, తాత పేరు చెప్పి బ్రాహ్మణునికో జంగమయ్యకో ఇచ్చును. దీనినే పెద్దలకు బియ్యమిచ్చుట అందురు. ఆ సాయంకాలమే స్త్రీలు తంగేడు, గునుగు, బంతి పూలు పేర్చి ఎంగిలిపూల బతుకమ్మ ఆడుదురు. ఉదయము మృతులను తలచుకొనిన వాకిలి సాయంకాలమునకు పూలతో నిండును.

గోదావరి ఒడ్డుననున్న బాసరకు ఈ విషయములో ప్రత్యేకమైన స్థానము కలదు. పూర్వము ఆదిలాబాదు జిల్లాలోనుండి 2016 నుండి నిర్మల్ జిల్లాలో చేరిన ఈ గ్రామమునకు తలిదండ్రులు పసిపిల్లలను తెచ్చి సరస్వతీ దేవాలయమున అక్షరాభ్యాసము చేయింతురు. ఆ ఊరి నదిఘట్టములలోనే మరికొందరు తమవారి అస్థికలను నీటిలో కలిపి పిండములు పెట్టుదురు. 2015 జూలైలో జరిగిన గోదావరి పుష్కరములలో ఇట్లు పితరుల నిమిత్తము వచ్చినవారు అనేకులు. ఒకే ఊరిలో ఒక బిడ్డ మొదటి అక్షరము దిద్దును. ఒక కుమారుడు తండ్రికి కడసారి నీళ్లు విడుచును.

చదువరులారా, క్రైస్తవ పత్రికలో ఈ సంగతులు ఏల వ్రాయవలెనని మీరు అడుగవచ్చును. దీనికి కారణము మన పల్లెలలో మరల మరల వినబడు ఒక ప్రశ్న. ఒక కుమారుడు ప్రభువును అంగీకరించి బాప్తిస్మము పొందునప్పుడు, వాని తల్లి ప్రతిమలను గూర్చి గాని పండుగలను గూర్చి గాని అంతగా విచారపడదు. "నేను సచ్చినంక నా పేరు మీద బియ్యం ఎవలిస్తరు బిడ్డా?" అని మాత్రము అడుగును. ఆమె అడుగునది పిడికెడు బియ్యము కాదు. నన్ను మరచిపోవుదువా అని అడుగుచున్నది. ఈ ప్రశ్నకు మన సంఘము ఏమి ప్రత్యుత్తరమిచ్చుచున్నది? దానిని తెలిసికొనుటకు ముందు ఇతరులు తమ మృతులను ఎట్లు జ్ఞాపకము చేసికొనిరో, సంఘ చరిత్ర ఏమి నేర్పుచున్నదో చూతము.

మన అడవి సీమలో

పెద్దలను మరువకుండుట మన నేలమీద మిక్కిలి పాతది. తెలంగాణములో అక్కడక్కడ కనబడు పెద్ద బండల సమాధులను ప్రజలు రాక్షసగుళ్లు అందురు. అవి ఇనుప యుగపు మనుష్యులు కట్టినవి. వాటిని త్రవ్వినచోట ఎముకలతోపాటు కుండలును ఇనుప పనిముట్లును దొరికినవి. చనిపోయినవానికి ఇంకను ఆకలియు పనియు ఉండునని ఆ కట్టినవారు తలంచినట్లు కనబడుచున్నది.

ఆదిలాబాదు గోండులలో మెస్రం వంశస్థులు ఏటేట పుష్య మాసమున కేస్లాపూరులో నాగోబా జాతర చేయుదురు. దానికొరకు వారు కాలినడకన పోయి గోదావరి నీళ్లు తెత్తురు. అయితే జాతర పూజకు ముందు వారు చేయు పని యొకటి గమనింపదగినది. ఆ వంశములో చనిపోయినవారి పేరున మర్రిచెట్ల క్రింద తూం అను కర్మ జరుపుదురు. మృతులను తలచుకొనక పండుగలో ప్రవేశించుట వారికి తగనిది.

ఈ గోండుల మధ్య 1940 మొదలుకొని పనిచేసిన హైమెండార్ఫ్ అను పండితుని పేరు మన జిల్లాలలో అనేకులెరుగుదురు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లో హైదరాబాదులో మరణింపగా, ఆమెను వారు తొలుత కాపురమున్న మార్లవాయి గ్రామమున గోండుల ఆచారము చొప్పున సమాధి చేసిరి. ఆయన 1995లో లండనులో మరణించెను. 2012లో ఆయన చితాభస్మమును తెచ్చి ఆమె ప్రక్కనే ఉంచిరి. నేటికిని జనవరి 11వ తేదీని గోండులు అక్కడ కూడి వారిని జ్ఞాపకము చేసికొందురు. సముద్రముల కావలినుండి వచ్చినవారు ఒక చిన్న ఊరికి పెద్దలైరి. ప్రేమించి పనిచేసినవారిని జనులు మరువరనుటకు ఇది సాక్ష్యము.

మెక్సికో దేశములో

ఇప్పుడు భూగోళమునకు అవతలి ప్రక్కకు పోవుదము. అమెరికా ఖండమందలి మెక్సికో దేశములో నవంబరు 1, 2 తేదీలు మృతుల దినములు. 1వ తేదీ చనిపోయిన పిల్లల కొరకు, 2వ తేదీ పెద్దల కొరకు. ఇంటిలో ఒక బల్లను పరచి, దానిమీద చనిపోయినవారి పటములు, కొవ్వొత్తులు, ఉప్పు, ఒక గ్లాసెడు నీళ్లు, ఆ దినమునకే చేయు తీపి రొట్టె, వారు బ్రతికియున్నప్పుడు ఇష్టపడిన వంటకములు పెట్టుదురు. కోపాలు అను సాంబ్రాణి వంటి ధూపము వేయుదురు. రంగు కాగితములు కత్తిరించి తోరణములు కట్టుదురు. చక్కెరతో పుఱ్ఱెల రూపములు చేసి వాటిపై పేర్లు వ్రాయుదురు. పాట్స్‌కువారో సరస్సులోని హనీత్సియో ద్వీపమున స్త్రీలు రాత్రియంతయు సమాధుల యొద్ద దీపములు వెలిగించుకొని కూర్చుందురు.

ఆ దినములలో ఆ దేశమంతట కనబడునది బంతిపువ్వు. దాని రంగును వాసనను గుర్తుపట్టి మృతులు ఇల్లు చేరుదురని వారి నమ్మిక. ఆ పువ్వు పుట్టిల్లు మెక్సికో ప్రాంతమే. 1500వ సంవత్సరము తరువాత ఓడల వర్తకము వలన అది మన దేశమునకు వచ్చి, నేడు మన బతుకమ్మలో తంగేడు ప్రక్కన కూర్చున్నది. ఇరువురు ఎరుగని జనులు ఒకే పువ్వుతో తమవారిని తలచుకొనుచున్నారు.

ఈ ఆచారమునకు చరిత్ర యున్నది. స్పెయిను దేశస్థులు 1521లో ఆస్తెకుల రాజధానిని పట్టుకొనిరి. 1524లో పన్నిద్దరు ఫ్రాన్సిస్కను సన్యాసులు సువార్త నిమిత్తము అచ్చటికి చేరిరి. ఆస్తెకులకు మృతుల కొరకు రెండు పండుగలు ముందే యుండెను. ఒకటి చిన్నవారిది, రెండవది పెద్దవారిది. అదే శతాబ్దములో దీయెగో దురాన్ అను డొమినికను సన్యాసి ఆ ప్రజల ఆచారములను గూర్చి పెద్ద గ్రంథము వ్రాసెను. సకల పరిశుద్ధుల దినమున పిల్లల కొరకును, మరునాడు పెద్దల కొరకును అర్పణలు పెట్టుట చూచి, వీరు తమ పాత పండుగలనే క్రొత్త పేర్లతో జరుపుకొనుచున్నారేమో అని ఆయన అనుమానించెను. నేటి పండితులలో కొందరు ఈ ఆచారము ఆస్తెకులదే అందురు; మరికొందరు సమాధులపై రొట్టె పెట్టు వాడుక స్పెయిను సంఘమునుండియే వచ్చినదందురు. రెండు వాగులు కలిసినవని తలంచుట సమంజసము.

మరియొక సంగతి మరువరాదు. 1520లో మశూచియు, 1545లోను 1576లోను వచ్చిన ఘోరమైన తెగుళ్లును ఆ దేశమున ఊళ్లకు ఊళ్లను తుడిచివేసెను. ఏడ్చుటకు మిగిలినవారు కొద్దిమంది. అటువంటి జనము మృతులకు బల్ల పరచినదనిన మనము నవ్వరాదు.

ఇప్పుడు ఆ పండుగ లోకమంతట ప్రసిద్ధి పొందినది. 2008లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ దానిని మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చెను. 2015లో విడుదలైన ఒక ఆంగ్ల చలనచిత్రములోని కల్పిత ఊరేగింపును చూచి, 2016 నుండి రాజధానిలో నిజముగానే ఊరేగింపు జరుపుచున్నారు. దుఃఖపు దినము వేడుకగా మారుట ఎంత సులభము!

సంఘ చరిత్ర నేర్పునది

ఆది సంఘము తన మృతులను మరచినది కాదు. క్రీ. శ. 155 ప్రాంతమున స్ముర్నలో పోలికార్పు హతసాక్షియైనప్పుడు, విశ్వాసులు ఆయన ఎముకలను ఏరి తగిన స్థలమున ఉంచి, ఏటేట ఆ దినమున కూడుకొనుటకు నిశ్చయించుకొనిరి. ఆ దినమును వారు మరణదినమనక జన్మదినమనిరి. ఇందులో సువార్త అంతయు ఇమిడియున్నది.

నాలుగవ శతాబ్దమున అగస్టీను తల్లియైన మోనికా తన ఆఫ్రికా దేశపు అలవాటు చొప్పున హతసాక్షుల సమాధులకు వండిన జావ, రొట్టె, ద్రాక్షారసము గంపలో పెట్టుకొని పోవుచుండెడిది. మిలాను పట్టణములో ద్వారపాలకుడు ఆమెను అడ్డగించెను. బిషప్పు అంబ్రోసు దీనిని నిషేధించెనని విని, ఆమె వాదింపక మానుకొనెను. అన్యులు తమ పితరులకు పెట్టుదానిని ఇది పోలియున్నదనియు, త్రాగుబోతుతనమునకు చోటిచ్చుననియు ఆ బిషప్పు తలంచెను. అటుపిమ్మట ఆమె గంపెడు ఆహారమునకు బదులు ప్రార్థనతో నిండిన హృదయమును తీసికొనిపోయి, చేతనైనది బీదలకు ఇచ్చుచుండెను. 387లో ఓస్తియాలో ఆమె మరణించునప్పుడు, తన దేహమును ఎక్కడ పాతిపెట్టినను చింతలేదనియు, ప్రభువు బల్లయొద్ద తన్ను జ్ఞాపకము చేసికొనుడనియు కుమారులతో చెప్పెను. పెద్దలకు బియ్యమిచ్చు మన తల్లులకు ఈ మోనికా దూరపు మనిషి కాదు.

తరువాతి కాలమున 609 ప్రాంతమున రోములోని సకల దేవతల గుడి హతసాక్షుల పేరున దేవాలయముగా ప్రతిష్ఠింపబడెను. తొమ్మిదవ శతాబ్దమున నవంబరు 1వ తేదీ సకల పరిశుద్ధుల దినముగా పడమటి దేశములలో స్థిరపడెను. 998 ప్రాంతమున క్లూనీ మఠాధిపతి ఓదిలో దాని మరునాటిని సకల మృతుల కొరకు ప్రార్థించు దినముగా నియమించెను. ప్రేమతో మొదలైన ఈ పని కొన్ని శతాబ్దములలో భయమునకు లోబడినది. మృతులు శుద్ధిచేయు అగ్నిలో బాధపడుచున్నారనియు, రూకలిచ్చి పాపపరిహార పత్రములు కొన్నయెడల వారు విడుదల పొందుదురనియు బోధించిరి. ఆ పరిహార పత్రములకు విరోధముగా లూథరు 1517 అక్టోబరు 31న, అనగా సకల పరిశుద్ధుల దినమునకు ముందు సాయంకాలమున, తన తొంబదియైదు వాదములను ప్రకటించెను. మృతుల ఆత్మల పేరిట జరిగిన వ్యాపారమే సంఘ సంస్కరణమునకు నిప్పురవ్వ ఆయెను.

అయినను సంస్కరణమువలన కలిగిన సంఘములు మృతులను విడిచిపెట్టలేదు. హెర్న్‌హూట్‌లోని మొరేవియను యౌవనస్థులు 1732లో పునరుత్థాన దినమున తెల్లవారకమునుపే శ్మశానమునకు పోయి స్తుతులు పాడిరి. జాన్ వెస్లీ సకల పరిశుద్ధుల దినము తనకు మిక్కిలి ప్రియమైన పండుగ అని తన దినచర్యలో వ్రాసికొనెను. మన తెలుగు సంఘములలో ఈస్టరు నాడు గాని నవంబరు 2న గాని సమాధులకు సున్నము వేసి, పూలుంచి, కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థించు సమాధుల పండుగ ఈ త్రోవలనే మనకు వచ్చినది.

వాక్యము చూపు మార్గము

లేఖనములు మృతులను గౌరవించుమనియే చెప్పుచున్నవి. అబ్రాహాము శారాను పాతిపెట్టుటకు నాలుగు వందల తులముల వెండి తూచి మక్పేలా పొలము కొనెను. యాకోబు రాహేలు సమాధిమీద స్తంభము నిలిపెను. ఇశ్రాయేలీయులు యోసేపు ఎముకలను అరణ్యమంతట మోసికొనిపోయిరి. ప్రభువు లాజరు సమాధియొద్ద కన్నీళ్లు విడిచెను. అయితే మృతులకు ఆహారము అర్పించుటను, వారియొద్ద విచారణ చేయుటను వాక్యము ఒప్పుకొనదు. ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయమున దశమభాగములోనుండి మృతులకు ఏమియు ఇయ్యలేదని ఇశ్రాయేలీయుడు ప్రమాణముగా చెప్పవలసియుండెను. ఏలయనగా మన మృతులు ఆకలితో తిరుగుచుండువారు కారు. వారు జీవముగల దేవుని చేతిలో ఉన్నారు.

కావున ఆ తల్లికి ఏమని చెప్పుదుము? "అవన్నీ మాకు లేవు" అని చెప్పి ఊరకుండుట క్రూరత్వము. ఒక ఆచారమును తీసివేసి ఆ చోటును ఖాళీగా విడిచినయెడల, అది తిరిగి వచ్చును. మెక్సికో చరిత్ర మనకు నేర్పు పాఠము ఇదియే: పేరు మాత్రము మార్చి నిరీక్షణను బోధింపనిచోట పాతది చావదు. మొదట ఆమె బ్రతికియున్నప్పుడే ఆమెను సన్మానింపవలెను. చనిపోయిన పిమ్మట బియ్యమిచ్చి, బ్రతికియుండగా గంజి పోయని కుమారులు అన్ని మతములలోను ఉన్నారు. కొర్బాను అని చెప్పి తలిదండ్రులను విడిచినవారిని ప్రభువు గద్దించెను గదా. రెండవది, ఆమె పేరు సంఘములో చదువబడవలెను. సకల పరిశుద్ధుల దినమున ఆ యేడు నిద్రించినవారి పేర్లను, పాలేరు అయినను పెద్ద రైతు అయినను, బల్ల యెదుట బిగ్గరగా చదివి దేవునికి కృతజ్ఞత చెల్లింపుడి. మూడవది, ఆమె పేరున ఆకలిగొన్నవానికి బియ్యమిండు. అది ఆమెకు చేరుటకు కాదు, ఆమె నేర్పిన ప్రేమ ఆగకుండుటకు.

పసిబిడ్డలను గూర్చి ఒక మాట. బిడ్డ పోయినప్పుడు మన పల్లెలలో పెద్దగా కర్మలు చేయరు. గుర్తులేని ఒక మూల పాతిపెట్టి, మరల ఆ మాట ఎత్తరు. తల్లి మాత్రము మరువదు. మెక్సికోవారు పిల్లల కొరకు ఒక దినమును ప్రత్యేకించినందుకు వారిని మెచ్చుకొనవలెను. చిన్నపిల్లలను ఎత్తికొని ఆశీర్వదించిన ప్రభువు సంఘములో ఆ బిడ్డల పేర్లు పలుకబడవద్దా?

పొరుగువారు పెత్తరమాస చేసికొనునప్పుడు వారిని ఎగతాళి చేయకుడి. వారు వెదకుచున్నది మనకు అనుగ్రహింపబడినది. గోదావరిలో విడిచిన పువ్వు నీటితో పోవును, బల్లపై పెట్టిన రొట్టె ఎండిపోవును. యేసునందు నిద్రించినవారిని దేవుడు ఆయనతోకూడ వెంటబెట్టుకొని వచ్చునని పౌలు థెస్సలొనీకయ సంఘమునకు వ్రాసెను. నిరీక్షణ లేనివారివలె దుఃఖింపవద్దనెనే గాని, దుఃఖింపవద్దనలేదు. కన్నీళ్లతోనే సమాధికి పొండు, పూలును తీసికొనిపొండు. అయితే ఆ ఉదయమున సుగంధద్రవ్యములతో బయలుదేరిన స్త్రీలకు కనబడినది ఖాళీ సమాధి అని మరువకుడి.