పెట్టెలో నిమిడిన గణకయంత్రము

పూర్వము గ్రామకరణము వ్రాతకు కూర్చున్నచో, ఆయన కార్యస్థానమంతయు ఒక చాపమీదనే యుండెడిది. ఎదుట ఏటవాలు వ్రాతపెట్టె. అందులోనే కలము, సిరాబుడ్డి, లెక్కల కాగితములు. మూత వేసినచో అది సామాను, తీసినచో అదియే బల్ల. గణకయంత్రమునకు, అనగా కంప్యూటరునకు, ఈపాటి పొందిక కుదురుటకు చాలకాలము పట్టినది.

1946వ సంవత్సరమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున లోకమునకు చూపబడిన ఎనియాక్ యంత్రము ఒక పెద్దగదిని నిండి యుండెను. అందలి వాక్యూం గొట్టములు సుమారు 18,000. బరువు ఇంచుమించు 30 టన్నులు. 1973లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనశాలవారు ఒక్క మనిషి బల్లకు తగిన ఆల్టో యంత్రమును నిర్మించిరి. దాని తెర కాగితమువలె నిలువుగా నుండెను. అయినను అది అంగళ్లలో అమ్మకమునకు రాలేదు.

సామాన్యుడు కొని, చేతపట్టుకొని పోదగిన యంత్రమును 1981లో అంగడి కెక్కించినవాడు ఆడమ్ ఆస్బరన్. ఈతని కథ అరుణాచలముతో ముడిపడినది. తండ్రి ఆర్థర్ ఆస్బరన్ రమణమహర్షి భక్తుడు, మహర్షి జీవితమును ఇంగ్లీషున రచించినవాడు. 1939లో బ్యాంకాకున జన్మించిన ఆడమ్ బాల్యము తిరువణ్ణామలైలో గడచినది. పిమ్మట నాతడు ఇంగ్లండులో రసాయన ఇంజనీరింగు చదివి, అమెరికా చేరి, కంప్యూటర్లపై పుస్తకములు వ్రాసి ప్రచురించెను.

ఆస్బరన్-1 అను ఆ యంత్రమును రూపొందించినవాడు లీ ఫెల్సెన్‌స్టైన్. విమానమున ఆసనము క్రింద పట్టవలెనన్నది వారి కొలత. మూత తీసినచో ఆ మూతయే మీటల పలక. నడుమ 5 అంగుళముల తెర. దాని కిరువైపుల ఫ్లాపీ డిస్కులు తిరుగు అరలు. వాని క్రింద డిస్కులు దాచుకొను గూళ్లు. బరువు సుమారు 11 కిలోలు, వెల 1,795 డాలర్లు. వ్రాతకు, లెక్కలకు వలయు ప్రోగ్రాములు ఆ వెలలోనే చేరియుండెను. వ్రాతపెట్టెను ఎరిగినవారికి ఈ పొందిక కొత్తది కాదు.

అయితే చిన్న తెరకు చిక్కొకటి కలదు. అందు ఒక్కమారు కనబడునవి 24 వరుసలు, వరుసకు 52 అక్షరములు మాత్రమే. అంతకంటె పొడవైన పంక్తిని చదువవలెనన్న, తెరను పక్కకు జరుపుకొనుచు పోవలెను. అడంగలు పుస్తకమును కిటికీ సందునుండి చూచినట్లు, పేరు కనబడినచోట పైకము కనబడదు. 1982లో వచ్చిన కేప్రో యంత్రము 9 అంగుళముల తెరతో, వరుసకు 80 అక్షరములతో, తక్కువ వెలకే ఈ కొరత తీర్చెను.

1983 సెప్టెంబరున ఆస్బరన్ సంస్థ దివాలా తీసెను. రానున్న కొత్త యంత్రమును గూర్చి ముందే చెప్పుటచే పాతది అమ్ముడుపోలేదని లోకవాదము. పోటీయు, నిర్వహణలోపములును కారణములని మరికొందరందురు. ఆడమ్ తుదిదినములలో తమిళదేశమునకే తిరిగివచ్చి, 2003లో కొడైకెనాలున కాలధర్మము చెందెను.

సంస్థ పోయినను ఆ పొందిక పోలేదు. ఇరుకు గదిలో చిన్న బల్లపై యంత్రము నమర్చుకొనువారు నేడును ఆ రెండు సూత్రములే పాటింపవలెను: వస్తువు లన్నియు చేయిచాపు మేరలో నుండవలెను, తెర యెంత చిన్నదైనను, పంక్తి మొదలును తుదయును ఒక్క చూపున కందవలెను. చోటు తగ్గించుకొనవచ్చును గాని చూపును తగ్గించుకొనరాదు.