మట్టి కుంగేదాకా

నాలుగు కాకముందే చర్చి గంట మోగుతుంది. తెనాలి దాటి కాలువ కట్ట పట్టుకుని వస్తే మా ఊరు. ఏప్రిల్ కదా, రోడ్డుకి ఒకవైపంతా మొక్కజొన్న ఆరబోసి ఉంది. చీకట్లో గింజల మీద కాలు జారుతుంది, ఈ పక్కగా నడవండి. ముందు తెల్ల గౌనులో అయ్యగారు, ఆయన వెనక డోలక్ పట్టుకున్న యూత్ పిల్లలు, ఆ వెనక తెల్లచీరల్లో ఆడవాళ్ళు. మా అమ్మ వరుసలో చివరన ఉంది. మీ చేతిలో కొవ్వొత్తుల ప్యాకెట్టూ అగ్గిపెట్టే పెట్టి, "గాలికి ఆరిపోతాయి. ఒకటి ఆరితే ఇంకోటి వెలిగించండి" అంటుంది. అంతకు మించి మాట్లాడదు. తమ్ముడు పోయాక వచ్చిన మొదటి ఈస్టర్ ఇది.

సమాధుల తోట ఊరి చివర, చేలగట్టు దాటాక ఉంటుంది. నిన్న చీకటి పడేదాకా ఇంటికొకరు చొప్పున ఇక్కడే ఉన్నారు. ముళ్ళకంప నరికారు, గడ్డి చెక్కారు, సున్నంలో కాస్త నీలిమందు కలిపి సమాధులకు కొట్టారు. డబ్బున్నవాళ్ళు లేత నీలం వేయించి గులాబీరంగు అంచు గీయించారు. తడి ఆరని సున్నం వాసనలో బంతిపూల వాసన కలిసి వస్తోంది. 1842లో హయ్యర్ దొర గుంటూరు వచ్చి పని మొదలుపెట్టాక, తర్వాతి తరాల్లో పల్లెపల్లెకీ పాకిన లూథరన్ సంఘాల్లో మాదొకటి. పాత రాళ్ళ మీద అక్షరాలు చెరిగిపోయాయి. ఏది ఎవరిదో పెద్దవాళ్ళు చెబితేనే తెలుస్తుంది. పోయినవాళ్ళని పెట్టుకోడానికి జానెడు నేల లేక, ఆ స్థలం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే పేటలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళ సంగతి విన్నప్పుడల్లా ఈ తోట మాకు ఎంత పెద్ద ఆస్తో తెలిసొస్తుంది.

ఒక్క సంగతి గమనించండి. ఇక్కడ తలలన్నీ పడమటికి, కాళ్ళు తూర్పుకి ఉంటాయి. క్రీస్తు తూర్పు నుంచి వస్తాడనీ, లేచి నిలబడగానే ఎదురుగా ఆయనే కనబడాలనీ పాతకాలపు క్రైస్తవుల ఆనవాయితీ. మా తాతలు దాన్నే పాటించారు. ఈ తెల్లవారుజాము ఆరాధన కూడా తూర్పు ముఖంగానే. నిలబడ్డవాళ్ళమూ, పడుకున్నవాళ్ళూ అటే చూస్తుంటాం.

తమ్ముడిది వేపచెట్టు కింద. ఇంకా కట్టలేదు. నల్లరేగడి కదా, తవ్వి పూడ్చిన మట్టి వానకి నాని, ఎండకి ఎండి, బాగా కుంగితేగానీ పైన కట్టకూడదంటాడు మేస్త్రి. తొందరపడితే కట్టడం బీటలిస్తుందట. అందుకని ఇప్పటికి మట్టిదిబ్బే, తల దగ్గర చెక్క సిలువ, దాని మీద పెయింటుతో రాసిన పేరు. దిబ్బంతా వేలు దూరేంత నెర్రెలు. పక్క సమాధివాళ్ళు గ్రానైటు మీద మైనం చుక్కలు కార్చి కొవ్వొత్తిని అతికించాలని తంటాలు పడుతున్నారు. అమ్మ వంగి కొవ్వొత్తిని తిన్నగా నెర్రెలో గుచ్చుతుంది. నిలిచింది. దాని పక్కన మరొకటి. మీ చేతిలోవి కూడా అలాగే గుచ్చండి, లోపల మట్టి గట్టిగా పట్టుకుంటుంది.

అక్టోబరులో వాణ్ణి పెట్టిన రోజు మాత్రం ఇదంతా బురద. గోతిలో నీళ్ళు ఊరుతుంటే బకెట్లతో తోడుతున్నారు, తోడేకొద్దీ ఊరుతున్నాయి. మోకులు పట్టి పెట్టె దించబోతే "నీళ్ళల్లో పెడతారా నా బిడ్డని" అని అమ్మ మోకుకి అడ్డం పడింది. విడిపించడానికి నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది. అయ్యగారు పిడికిట్లోకి తీసుకున్న మట్టి రాలే మట్టి కాదు, ముద్ద. చెక్క మీద అది మొదటిసారి పడ్డ చప్పుడుకే నాన్న గట్టు మీద కూలబడ్డాడు.

ఆ సాయంత్రం ఇల్లంతా జనం. మంచిమనసుతోనే అన్నారు, కాదనను. "ఏడవకమ్మా, ప్రభువు సన్నిధికి చేరాడు. విశ్వాసులు ఏడవకూడదు." అమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు, బైబిలు స్త్రీగా ఊళ్ళు తిరిగి తిరిగి నడుం వంగిపోయిన మా నాయనమ్మ వరసావిడ మూల నుంచి కేకేసింది. "ఎవరే ఆ మాటన్నది? లాజరుని లేపబోతున్నానని తెలిసుండి కూడా ఏడ్చాడు యేసయ్య. ఆయనకి లేని నిబ్బరం దీనికి ఎక్కణ్ణించి వస్తుందే? ఏడవనివ్వండి."

ఆవిడ మాట పట్టుకుని నేను మళ్ళీ మళ్ళీ బైబిలు తీశాను. అవును, యోహాను సువార్త పదకొండో అధ్యాయంలో లాజరు తోబుట్టువు మార్త యేసుతో నిష్ఠూరంగానే మాట్లాడుతుంది. నువ్వుంటే నా సహోదరుడు చచ్చిపోయేవాడు కాడంటుంది. ఆయన ఆమెని కసరడు. పునరుత్థానం సంగతి ఆమెకి చెబుతాడు, తర్వాత సమాధి దగ్గరికి వెళుతూ తనూ కన్నీళ్ళు పెట్టుకుంటాడు. ముందే పోయినవాళ్ళ గతేమిటని బెంగపడుతున్న థెస్సలొనీక సంఘానికి క్రీస్తుశకం 50 ప్రాంతంలో పౌలు రాసిన ఉత్తరంలోనూ దుఃఖించడం తప్పని లేదు. ఆశ లేనివాళ్ళలా దుఃఖించొద్దన్నాడు. క్రీస్తు తిరిగి వస్తాడనీ, పోయినవాళ్ళు లేస్తారనీ, అందరం కలుస్తామనీ చెప్పి, ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకోండని ముగించాడు. అందులో సగం ముక్క విరిచి, ఏడ్చేవాళ్ళ నోరు మూయడానికి వాడుతున్నాం. అది అన్యాయం. కన్నతల్లి దగ్గరైతే మరీ అన్యాయం.

అమ్మ మా సంఘంలో కీర్తన ఎత్తే మనిషి. పుస్తకంలో చాలా కీర్తనల పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. ఆ పేర్లు ఆమెకి తెలియవు, వరసలన్నీ తెలుసు. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలకైతే పుస్తకమే అక్కర్లేదు. అలాంటిది అక్టోబరు నుంచి పాటకి నోరు విప్పలేదు. ఆదరణ కూడికలో అందరి ముందూ అయ్యగారిని నిలదీసింది. "ఆస్పత్రి వరండాలో మోకాళ్ళ మీదే ఉన్నాను గదండీ, ఆయన ఎందుకు వినలేదు?" ఎవరూ తలెత్తలేదు. అయ్యగారు బైబిలు మూశారు. "నాకు తెలియదమ్మా" అన్నారు. కుర్చీ వదిలి ఎదురుగా చాప మీద కూర్చుండిపోయారు. ఆయన చెప్పిన ప్రసంగాలు చాలా విన్నాను. ఆ రెండు ముక్కలు పక్కన పెడితే ఏదీ అంత లోతుకి దిగలేదు.

ఆ తర్వాత శుక్రవారం ఉపవాస కూడికలు మా ఇంటికి మార్చారు ఆడవాళ్ళు. వచ్చేవాళ్ళు, చాపలు పరుచుకునేవాళ్ళు, పాడేవాళ్ళు. అమ్మ గోడకి ఆనుకుని నేల చూపులు చూస్తూ ఉండేది. పాడమని ఒక్కరూ అడగలేదు. పాడటం లేదేమని కూడా అడగలేదు. ఆమెకి నమ్మకం చిక్కని రోజుల్లో ఆమె వంతు కూడా వాళ్ళే నమ్మారు. నేను సంఘమని దాన్నే అంటాను.

ఇప్పుడు చూడండి, తోటంతా వెలుగు. గాలికి ఒక వరస ఆరిపోతే పిల్లలు పరిగెత్తుకెళ్ళి వెలిగిస్తున్నారు. అయ్యగారు సువార్త చదువుతున్నారు. మగ్దలేనే మరియ సమాధి బయట నిలబడి ఏడుస్తోంది. వెనక్కి తిరిగితే యేసు నిలబడి ఉన్నాడు, ఆమె పోల్చుకోలేక తోటమాలి అనుకుంటుంది. ఆయన పేరు పెట్టి పిలిచేదాకా ఆమెకి తెలియదు. పునరుత్థానం జరిగిపోయాక కూడా కన్నీళ్ళున్నాయి ఆ తోటలో. ఈ భాగం వింటూ నేను తమ్ముడి సిలువ వైపే చూస్తున్నాను. వాణ్ణీ పేరు పెట్టే పిలుస్తాడని నా నమ్మకం.

ప్రభువు లేచాడని అయ్యగారు గొంతెత్తారు. నిజంగా లేచాడని జనమంతా బదులిచ్చారు. మీ పక్కన అమ్మ లేదు, చూశారా? అదిగో, గోడవార కొత్త దిబ్బ దగ్గరుంది. దాని మీద దండలు ఎండిపోయి ఉన్నాయిగానీ మట్టి ఇంకా గడ్డలు గడ్డలుగానే ఉంది. ఈస్టర్‌కి ముందటి శ్రమకాలం మధ్యలో భర్తని పెట్టుకున్న పిల్లది. చంకలో బిడ్డ. కొవ్వొత్తి వెలిగించబోతే చెయ్యి వణికి అగ్గిపుల్లలన్నీ అయిపోయాయి. అమ్మ తన కొవ్వొత్తితో దాన్ని అంటించి, గడ్డల సందున గుచ్చి, బిడ్డని అందుకుంది. దగ్గరికి వెళదాం రండి.

"ఎప్పటికి తగ్గుద్ది పెద్దమ్మా ఇది?" అంటోంది ఆ పిల్ల.

"నాకింకా తగ్గలేదమ్మా" అంది అమ్మ. బిడ్డని భుజానికి మార్చుకుంది. అవతల డోలక్ మొదలైంది. "లే, కీర్తన ఎత్తుతున్నారు. నా పక్కన నిలబడు. నువ్వు పాడొద్దులే. నేను పాడతా."