లెంట్ అంటే మాంసం మానేయడమేనా?



పోయిన ఆదివారం హాస్టల్లో చికెన్ రోజు. మా రూంలో ఒకడు, "లెంట్ నడుస్తోంది, నేను తినను" అని ప్లేటు పక్కన పెట్టేశాడు. ఇంకొకడు, "ఆదివారం లెక్కలోకి రాదురా, తిను" అన్నాడు. చర్చికి వెళ్ళని మూడోవాడు, "అసలు లెంట్ అంటే మాంసం మానేయడమేనా?" అని అడిగాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు. చరిత్ర చదువుతున్న నా దగ్గరా లేదు. సిగ్గేసి లైబ్రరీకి వెళ్ళాను.

రెండోవాడి మాట నిజమే. బూడిద బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా 46 రోజులు. ఆరు ఆదివారాలు తీసేస్తే 40. కానీ మొదట్లో ఈ నలభై కూడా లేవు. రెండో శతాబ్దంలో ఈస్టర్‌కి ముందు కొందరు ఒక రోజు, కొందరు రెండు రోజులు ఉపవాసం ఉండేవాళ్ళు. 325లో జరిగిన నైసియా సభ తీర్మానాల్లో 'నలభై' అనే పేరు కనిపిస్తుంది. యేసు అరణ్యంలో ఉన్న నలభై రోజులు దీనికి ఆదర్శం. ఇంకో పెద్ద సంగతి ఏంటంటే, అప్పట్లో కొత్తగా విశ్వాసంలోకి వచ్చేవాళ్ళకి ఎక్కువగా ఈస్టర్ రాత్రే బాప్తిస్మం ఇచ్చేవాళ్ళు. ఈ రోజులు వాళ్ళని తయారుచేసే రోజులు. ఒక రకంగా బడి.

ఆ బడిని కళ్ళారా చూసి రాసిన స్త్రీ ఒకామె ఉంది. పేరు ఎగేరియా. 380ల్లో పడమటి దేశం నుంచి యెరూషలేముకి వెళ్ళి, అక్కడ చూసిందంతా తన ఊళ్ళోని అక్కచెల్లెళ్ళకి రాసింది. ఆ రాతప్రతి 1884లో ఇటలీలోని అరెజ్జోలో దొరికింది.

ఆమె రాసిన దాని ప్రకారం, లెంట్ మొదట్లో పేర్లు రాయించుకోవాలి. తర్వాత పెద్ద గుడి మధ్యలో బిషప్‌కి కుర్చీ వేస్తారు. ఒక్కొక్కర్నీ పిలుస్తారు. ఇరుగుపొరుగువాళ్ళని అడుగుతారు: ఈయన మంచివాడేనా? అమ్మానాన్నల మాట వింటాడా? తాగుతాడా? తప్పుంటే, సరిచేసుకుని రమ్మని పంపేస్తారు. ఎవరికీ తెలియని పరాయి ఊరివాడైతే, సాక్ష్యం చెప్పేవాళ్ళు లేకపోతే, అంత తేలిగ్గా బాప్తిస్మం దొరకదు.

ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. సర్టిఫికెట్ల సంచి పట్టుకుని, 'వీడు మావాడే' అని చెప్పే మనిషి లేకుండా అడ్మిషన్ లైన్లో నిలబడినవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. ఆ పరాయివాడి గురించి ఎగేరియా రాసింది ఒక్క ముక్కే. నాకు మాత్రం వాడే గుర్తుండిపోయాడు.

పేరు రాసుకున్నాక రోజూ మూడు గంటల పాఠం, ఆదికాండం దగ్గర్నుంచి. బాప్తిస్మం ముందే తీసుకున్నవాళ్ళు కూడా ఇష్టమైతే వచ్చి కూర్చునేవాళ్ళు.

నాకు బాగా నచ్చింది భాష సంగతి. ఆ జనంలో కొందరికి గ్రీకు మాత్రమే వచ్చు, కొందరికి సిరియాక్ మాత్రమే. బిషప్‌కి సిరియాక్ వచ్చినా ఎప్పుడూ గ్రీకులోనే మాట్లాడేవాడట! కానీ పక్కనే ఒక పాదిరి నిలబడి సిరియాక్‌లో చెప్పేవాడు. లాటిన్ తప్ప ఇంకేదీ రానివాళ్ళకి, లాటినూ గ్రీకూ తెలిసినవాళ్ళు విడిగా వివరించేవాళ్ళు.

తర్వాత పసిపిల్లలకే బాప్తిస్మం ఇవ్వడం మామూలైంది. బడి పోయింది, ఉపవాసం మిగిలింది. మొదట పెద్ద తప్పు చేసినవాళ్ళ మీదే చల్లే బూడిదని అందరికీ పెట్టాలని 1091లో బెనెవెంతో సభ చెప్పింది. 1522లో జూరిక్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్ పనివాళ్ళు లెంట్‌లో సాసేజ్‌లు తింటే అది పెద్ద గొడవైంది. జ్వింగ్లీ వాళ్ళ పక్షాన నిలబడ్డాడు. లెంట్ అంటే పశ్చాత్తాపం ఒక్కటే కాదు, బాప్తిస్మానికి తయారీ కూడా అని కేథలిక్ సభ మళ్ళీ గట్టిగా చెప్పింది 1963లో, రెండో వాటికన్ సభలో.

మన దగ్గర కేథలిక్కులు తపస్సు కాలం అంటారు, మిగతావాళ్ళు శ్రమల కాలం అంటారు. రెండు పేర్లలోనూ కష్టం ఉంది, ఆ బడి జాడ లేదు. ఇంగ్లీషులో లెంట్ అనే మాటకి పాత అర్థం వసంతకాలం.

మా నానమ్మకి కోయ తప్ప తెలుగు అంతంత మాత్రం. శ్రమల కాలం కూడికల్లో ప్రసంగం అంతా తెలుగులోనే ఉంటుంది. ఆమె ఇన్నేళ్ళూ చివరిదాకా కూర్చునే ఉంది, ఏం అర్థమైందని మేము ఎప్పుడూ అడగలేదు. మొన్న ఊరెళ్ళినప్పుడు పక్కన కూర్చుని చెవిలో కోయలో చెప్పాను. మధ్యలో నన్ను ఆపి, "ఇంకోసారి చెప్పు" అంది.