కరువు కూలి నుంచి పొదుపు డబ్బు దాకా: నెల్లూరు పల్లెల్లో 'ఆదుకోవడం' చరిత్ర

బుచ్చిరెడ్డిపాలెం గురించి రాసేవాళ్లు మామూలుగా రెండు విషయాలతో మొదలుపెడతారు. ఒకటి, దొడ్ల వారు కట్టించిన కోదండరామస్వామి గుడి. రెండు, కనిగిరి రిజర్వాయరు కాలువల కింద పండే వరి. గుడి దాతల పుణ్యానికి గుర్తు, కాలువ సర్కారు దయకు గుర్తు అని ఆ చరిత్ర మనకు నేర్పుతుంది. ఆ కాలువ తవ్విన చేతులెవరివి, ఆ వరి నాటిన నడుములెవరివి, పంట పోయిన ఏడు ఆ ఇళ్లల్లో పొయ్యి ఎట్లా వెలిగింది అనే ప్రశ్నలకు అందులో చోటు లేదు.

ఈ వ్యాసంలో మేం ఆ ప్రశ్నల దగ్గర నుంచే మొదలుపెడుతున్నాం. కష్టంలో ఉన్న కుటుంబాన్ని ఆదుకోవడం అనే పని నెల్లూరు సీమలో ఎవరి చేతిలో ఉంది, ఏ షరతు మీద జరిగింది, పుచ్చుకున్నవాడు దానికి ఏం చెల్లించాడు? సాయానికి కూడా కులం ఉంటుంది. దానికీ ఒక చరిత్ర ఉంది.

కళ్లం కాడి మేర

పాత పల్లె ఏర్పాటులో కూలి అనే మాట కన్నా మేర అనే మాట ముఖ్యం. పంట నూర్చిన కళ్లం దగ్గర మాదిగకు, చాకలికి, మంగలికి, కమ్మరికి ధాన్యంలో కొంత కొలిచేవారు. ఊరుమ్మడి చరిత్రకారులు దీన్ని పరస్పర సహకారం అన్నారు. ఒకరికొకరు ఆసరాగా బతికారని మురిసిపోయారు. కొలిచే మానిక ఎవరి చేతిలో ఉందో మాత్రం చెప్పలేదు. మేర అడిగి పుచ్చుకునేదే గానీ లెక్క చూపించి వసూలు చేసుకునేది కాదు. దానికి బదులుగా చెప్పులు కుట్టాలి, కపిల బానకు తోలు కట్టాలి, చచ్చిన గొడ్డును లాగాలి, డప్పు కొట్టాలి, వెట్టికి పిలిస్తే పోవాలి. పిల్లకు జబ్బు చేస్తే తవ్వెడు గింజలు అప్పు దొరికేదీ ఆ ఆసామి ఇంట్లోనే. ఆ అప్పు పాలేరుతనంగా మారి కొడుకు దాకా వచ్చేది.

పెన్న మీద నెల్లూరు ఆనకట్ట 1855లోనూ, సంగం ఆనకట్ట 1880లలోనూ వచ్చాయి. నీళ్లొచ్చాయి, భూముల ధర పెరిగింది. కాలువ పారే చోట కపిలతో పనిలేదు. కపిలతో పని లేకపోతే తోలు బాన కట్టే మాదిగకు మేర మీద ఉన్న పట్టూ సడలుతుంది. కాలువ కింద వరి పెరిగిన కొద్దీ నాట్లకు, కోతలకు కూలీల అవసరం పెరిగింది. కూలీకి భూమి మాత్రం రాలేదు. పాత ఆసరా పోయి కొత్త హక్కు రాని ఈ సందులోనే మన పల్లెలు దశాబ్దాలు బతికాయి.

పౌను ధాన్యం లెక్క

1876లో వానలు పోయాయి. 1878 దాకా సాగిన ఆ కరువు మద్రాసు రాజధానిలో లక్షల మందిని తిన్నది. 1871 జనాభా లెక్కల కన్నా 1881 లెక్కల్లో నెల్లూరు జిల్లా జనం తగ్గిపోయారు. పదేళ్లలో పెరగాల్సిన జనం తగ్గారంటే పోయినవాళ్లెందరో ఊహించుకోవచ్చు.

సర్కారు కరువు పనులు పెట్టింది. 1877 జనవరిలో ఇండియా ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం ఖరీదు, దానిపైన కొద్దిపాటి చిల్లర చాలన్నాడు. పౌను అంటే అరకిలో కూడా లేదు. పొద్దంతా మట్టి మోసే మనిషి ఆ తిండితో బతకలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. మే నెలకు కూలి పెంచక తప్పింది కాదు. మనిషి ప్రాణానికి ఎంత గింజ చాలు అని సర్కారు లెక్కగట్టిన రోజులవి.

ఇంగ్లండులో లార్డ్ మేయర్ పేరున పోగైన విరాళాల నిధి కథ ఇంకా ముఖ్యమైనది. ఆ నిధి ఖర్చుకు పద్దులు రాసుకున్నారు. అనాథలు, ముసలివాళ్లు ఒక పద్దు. బయటికొచ్చి చెయ్యి చాపలేని 'మర్యాదస్తులైన' పేదలు, గోషా స్త్రీలు ఒక పద్దు. రైతులు మళ్లీ సాగు మొదలుపెట్టడానికి విత్తనాలు, ఎడ్లు, ఇంటి మరమ్మతు మరో పద్దు. డబ్బులో పెద్ద భాగం ఈ చివరి పద్దుకే పోయింది. మరి విత్తనం చల్లుకోవడానికి సెంటు భూమి లేని మాల మాదిగలకు? వాళ్లకు మట్టి తట్ట ఉండనే ఉంది. భూమి ఉన్నవాడి నష్టం నష్టంగా కనబడింది. భూమి లేనివాడి ఆకలి వాడి మామూలు స్థితిగా కనబడింది. ఈ చూపు 1877తో పోలేదు. ఎక్కడిదాకా వచ్చిందో తరువాత చూద్దాం.

కాలువ గట్టు మీద

ఆ కరువులోనే సముద్రతీరం వెంట బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కరువు పనిగా సాగింది. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉంది. అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మిషనరీ కాకముందు అమెరికాలో సర్వే పని చేసినవాడు గనక కొలతలు, మట్టి లెక్కలు ఆయనకు తెలుసు.

చరిత్రలో దీన్ని దొర దయగా రాశారు. మేం చూడాలనుకునేది వేరే విషయం. ఆ మూడున్నర మైళ్ల మీద కూలీలను చూసుకున్నది మిషను బోధకులు, అంటే ఎక్కువమంది మాదిగపల్లెల నుంచి వచ్చినవాళ్లే. మిగతా చోట్ల అగ్రకుల మేస్త్రీల తిట్లు, దెబ్బలు, కూలిలో కోత. ఇక్కడ పేరు పెట్టి పిలిచేవాడు, ఏ ఊరని అడిగేవాడు, సాయంత్రం పక్కన కూర్చునేవాడు తమవాడే. తిండి అందరూ పెట్టవచ్చు. తిండితో పాటు మనిషిని మనిషిగా లెక్కగట్టడం ఆ గట్టు మీద వాళ్లకు కొత్త.

1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. 'గింజల కోసం మతం మారారు' అని ఆనాటి నుంచీ ఒక ఎగతాళి ఉంది. ఆ ఎగతాళికి చరిత్రే జవాబు చెబుతుంది. కరువు నడుస్తున్నంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం పంచడం అయిపోయాకే మళ్లీ మొదలుపెట్టాడు. గింజలే కారణమైతే గింజలు ఆగాక జనం ఎందుకొస్తారు? పైగా 1866లో బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ పెద్దలు కరువుకు పదేళ్ల ముందు నుంచే ఊరూరా తిరుగుతున్నారు. ఆ కదలిక దొరది కాదు, పల్లెలదే.

అయితే మిషను సాయానికీ తన హద్దులున్నాయి. కావలి సెటిల్‌మెంటు అందుకు ఉదాహరణ. నేరస్త తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను అక్కడ పెట్టి, నడిపే బాధ్యతను సర్కారు బాప్టిస్టు మిషనుకు అప్పగించింది. పనీ, బడీ, మందూ ఇచ్చారు. హాజరూ వేశారు. గీత దాటి పోవడానికి లేదు. ఆదుకునే చెయ్యే కాపలా కాసే చెయ్యి కూడా అయితే దాన్ని ఏమనాలి?

గుప్పెడు బియ్యం

పైనుంచి వచ్చిన సాయాలకు రికార్డులున్నాయి. పల్లె లోపల ఒకరినొకరు ఆదుకున్న తీరుకు రికార్డు లేదు గనక అది చరిత్ర కాకుండా పోయింది. దళిత చరిత్ర రాసేవాళ్లు ముందు పూడ్చాల్సిన లోటు ఇదేనని మేం అనుకుంటున్నాం.

తెలుగు సంఘాల్లో గుప్పెడు బియ్యం అనే ఆచారం ఉంది. వంటకు ఎసరు పెట్టినప్పుడల్లా తల్లి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం అది గుడికి పోతుంది. దాంతో బోధకుడి ఇల్లు గడిచేది, విధవరాలికో మంచాన పడ్డవాళ్లకో కొంత అందేది. రోజు కూలి మీద బతికే ఇంట్లో ఆ గుప్పెడు మిగులు నుంచి తీసింది కాదు, ఆకలి నుంచి తీసింది. ఇచ్చేది ఆడవాళ్లే, ఎంతివ్వాలో నిర్ణయించేదీ వాళ్లే. ఈనాడు నిధి అనీ, సభ్యత్వ రుసుము అనీ పెద్ద పేర్లు పెట్టుకున్నవన్నీ ఆ కుండలో ఉన్నాయి.

క్రైస్తవం లేని ఇళ్లల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. చావు జరిగితే ఇంటికింత వేసుకుని ఖర్చు గట్టెక్కించడం, పెళ్లిలో చదివింపులు రాసుకుని మళ్లీ వాళ్లింటి పెళ్లికి తీర్చడం, బాలింత ఇంటి పని పక్కింటివాళ్లు బదులు చేయడం. చదివింపుల పుస్తకం నిజానికి వడ్డీ లేని అప్పుల పుస్తకం. ఆసామి పద్దు పుస్తకంలో వేలిముద్ర ఉంటుంది. దీంట్లో పేరు ఉంటుంది. ఆ తేడా చిన్నది కాదు.

దయ నుంచి శాఖకు

1892లో మద్రాసు ప్రభుత్వం అణగారిన కులాలకు బంజరు కేటాయించే ఉత్తర్వు ఇచ్చింది. 1920లో లేబర్ కమిషనర్ ఆఫీసు ఏర్పడి ఇళ్ల స్థలాలు, బావులు, బడులు దాని పనులయ్యాయి. పాలెం ఆసామి భూమిలో ఉన్నంతకాలం నోరెత్తితే గుడిసె పీకిస్తానన్న బెదిరింపు ఉంటుంది. ఇంటిస్థలం అంటే నీడ మాత్రమే కాదు, నోరు కూడా. ఆ స్థలం ఖరీదును కూడా సహకార సంఘాల ద్వారా వాయిదాల్లో కట్టించుకున్నారు.

ఇవి ఊరికే రాలేదు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర సభ జరిగింది. మమ్మల్ని పంచములనొద్దు, ఈ నేల తొలి మనుషులమని చెప్పుకున్నారు. జాలి అడిగే పేరు వదిలి హక్కు అడిగే పేరు పెట్టుకున్నారు. అదే కాలంలో 1921లో గాంధీ పెన్న ఒడ్డున పల్లిపాడు ఆశ్రమం ప్రారంభించాడు. 1946లో పొట్టి శ్రీరాములు నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలో హరిజన ప్రవేశం కోసం నిరాహారదీక్ష చేశారు. ఆ త్యాగాన్ని తక్కువ చేయం. కానీ గుడి తలుపు తెరవడం, పొలం గట్టు తెరవడం ఒకటి కాదు. మొదటిది జరిగినంత తేలిగ్గా రెండోది జరగలేదు.

సారా, రూపాయి

1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. మన ఇళ్లల్లో అది నిజంగానే కడుపు నింపింది. అదే దశాబ్దంలో అదే సర్కారు వారుణివాహిని పేరుతో సారా పొట్లాలను ఊరి నడిబొడ్డుకు తెచ్చింది. ఒక చేత్తో బియ్యం, ఇంకో చేత్తో సారా. భార్య కూలి బియ్యానికి, భర్త కూలి సర్కారు ఖజానాకు.

1991లో అక్షరదీపం రాత్రి బడులు మొదలయ్యాయి. 1992లో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఊరూరా కొట్ల ముందు కూర్చున్నవాళ్లలో కూలి చేసుకునే దళిత, బహుజన స్త్రీలే ఎక్కువ. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చి, 1997లో ఎత్తేశారు.

ఉద్యమం వెంటే పొదుపులక్ష్మి వచ్చింది. రోజుకో రూపాయి. సారాకు పోయే రూపాయి ఆడవాళ్ల డబ్బాలో పడింది. ఇది గుప్పెడు బియ్యానికి కూతురే. అయితే ఒక తేడా ఉంది. గుప్పెడు బియ్యం కష్టంలో ఉన్న ఇంటికి పోయేది, తిరిగి రావాలన్న లెక్క లేదు. పొదుపు అప్పుగా పోయి వడ్డీతో తిరిగి రావాలి. సారా కొట్టు ముందు సర్కారును నిలదీసిన గుంపు, బ్యాంకు ముందు వాయిదా తప్పని సంఘంగా మారింది. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లే ఆమె గడప తొక్కాలి. ఆ సందులోకి ప్రైవేటు సూక్ష్మరుణ కంపెనీలు దూరి ఆత్మహత్యల దాకా తెచ్చాకే, 2010 అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది.

ఇప్పటి ప్రశ్న

2005 ఉపాధి హామీ చట్టం ఈ చరిత్రలో ఒక మలుపు. పని అడగడం బిచ్చం కాదు, హక్కు అని రాసిన చట్టమది. కానీ అది గ్రామీణ ప్రాంతాలకు చేసింది. బుచ్చిరెడ్డిపాలెం 2020లో నగర పంచాయతీ అయింది. ఊరు పట్నమయింది గానీ కూలీ బతుకు నాట్ల మీదే ఆధారపడి ఉంది. బోర్డు మారినంత మాత్రాన కడుపు పట్నం కడుపు కాదు. హద్దు మార్చేటప్పుడు ఎవరి హక్కు పోతుందని ఎవరు అడిగారు?

2020 నవంబరులో నివర్ తుఫాను, 2021 నవంబరులో పెన్న వరదలు వచ్చాయి. పంట నష్టపరిహారం సాగుదారు పేరు మీద నమోదైన పొలానికి ఇస్తారు. ఆ పొలంలో పోయిన నాట్లకూ కోతలకూ కూలీ కుటుంబానికి పోయిన పనిదినాలు ఏ ఫారంలోనూ లేవు. 1877 నాటి విత్తనాలు, ఎడ్ల పద్దు ఇంకా మారలేదని మేం అంటున్నది ఇందుకే.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. వచ్చిన సాయం పల్లెలన్నిటికీ సమంగా పోలేదు. 1994లో ఈదుమూడి నుంచి లేచిన మాదిగ దండోరా అడిగింది ఆ వాటా లెక్కే. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణను సమర్థించింది. పైవాడి మానికను ప్రశ్నించేవాళ్లం మన చేతిలోని మానికను కూడా చూసుకోవాలి. యానాది గుడిసె దాకా ఏం చేరిందో అదే చూపుతో అడగాలి.

కార్యకర్తలకు, ఉపాధ్యాయులకు, విద్యార్థులకు మా ప్రతిపాదన ఇది. మీ పల్లెలో చదివింపుల పుస్తకాలు, సంఘం పద్దులు, పొదుపు మినిట్స్ చెదలు పట్టకముందే రాసిపెట్టండి. ఏ విపత్తులో ఎవరికి ఏమందింది, ఎవరికి అందలేదు అని ఇంటింటి జాబితా తయారుచేయండి. పంట నష్టంతో పాటు కూలి నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని వార్డు సభల్లో, గ్రామసభల్లో తీర్మానం పెట్టించండి. రికార్డు లేని ఆకలికి పరిహారం లేదు. ఆ రికార్డు మనమే రాయాలి.