జన్యువు నోరు మూయించు జంటపేట

జీవకణములో జన్యువు స్వయముగా పని చేయదు. దాని ఆజ్ఞను రాయబారి ఆర్.ఎన్.ఏ. మోసికొనిపోగా, ఆ ప్రకారము ప్రోటీను తయారగును. రాయబారిని దారిలోనే నశింపజేసినచో, జన్యువు చెక్కుచెదరకున్నను దాని మాట చెల్లదు. ఈ కిటుకు బయటపడిన తీరు విచిత్రమైనది.

రాయబారికి సరిగా అతుకు ప్రతిపేటను కణములోనికి పంపినచో రాయబారి బంధింపబడునని పూర్వము శాస్త్రజ్ఞులు తలచిరి. 1995 లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున గువో, కెంఫ్యూస్ అనువారు ఒక మిల్లీమీటరు పొడవుండు సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ పురుగులపై దీనిని ప్రయోగించిరి. పోలిక కొరకు సూటిపేటను కూడ ఎక్కించిరి. అది రాయబారికి నకలే గనుక, ఏ ఫలితమును చూపరాదు. కాని అదియు జన్యువును అణచెను!

సూటిపేట దేనిని బంధించినట్లు? 1998 లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో, వారి సహచరులు ఈ చిక్కును విప్పిరి. రెండు పేటలను విడివిడిగా శుద్ధిచేసి ఎక్కించగా ఫలితము స్వల్పము. జంటగా పెనవేసి ఎక్కించగా, కండరములకు సంబంధించిన జన్యువు అణగి, పురుగులు గిలగిల కొట్టుకొనెను. కణమునకు కొద్ది అణువులే చాలెను! కావున ఇది ఒకటికొకటి బంధించుట కాదు; కణములోని యంత్రాంగమేదో పని చేయుచున్నదన్నమాట. పూర్వపు ప్రయోగములలో రెండవ పేట కొద్దిగా కలిసియుండుటయే ఆ వింతకు కారణమని వారు ఊహించిరి.

ఆ యంత్రాంగమును తరువాత పలువురు శోధించిరి. డైసర్ అను ఎంజైము జంటపేటను సుమారు 21 నుండి 23 న్యూక్లియోటైడ్ల ముక్కలుగా నరుకును. ఆర్గొనాట్ అను ప్రోటీను ఒక పేటను ఆనవాలుగా పట్టుకొని, దానికి సరిపోలు రాయబారిని వెదకి ఖండించును.

మరి మానవ కణముల సంగతి? అచ్చట పొడవైన జంటపేట ప్రవేశించిన వెంటనే కణము వైరసు వచ్చినదని భ్రమించి, ప్రోటీనుల తయారీనే దాదాపు నిలిపివేయును. 2001 లో జర్మనీలో టుష్ల్ బృందమువారు ముందుగానే 21 న్యూక్లియోటైడ్ల ముక్కలను తయారుచేసి పంపిరి. అలజడి రేగలేదు, కోరిన జన్యువే అణగెను.

2006 లో ఫైర్, మెల్లోలకు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించెను. 2018 లో పటిసిరాన్ అను మొదటి మందు అమెరికాలో ఆమోదము పొందెను. కాలేయములో తయారై నరములను చెరచు ఒక వంశపారంపర్య ప్రోటీనును అది తగ్గించును. క్రొత్త రాయబారులను పంపు జన్యువు మాత్రము మారదు. కావుననే ఆ మందును మూడు వారములకొకసారి ఎక్కింపవలసియున్నది.