కోటా బారులో నిజాం పటాలం

హైదరాబాద్ రెజిమెంట్ అనగానే మనవాళ్లదే అనుకుంటాం. కాదు. బ్రిటిష్ ఇండియా సైన్యంలోని ఆ 19వ రెజిమెంట్‌లో ఎక్కువమంది కుమావోనీలు, జాట్లు, అహీర్లు. 1945లో దాని పేరే కుమావూన్ రెజిమెంట్‌గా మారింది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలనేలిన నిజాం సొంత సైన్యం వేరు. అందులోంచి రెండో ప్రపంచయుద్ధానికి వెళ్లిన ఒక పటాలం ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ.

దాని పని మలయాలో కోటా బారు విమానాశ్రయానికి కాపలా. 1941 డిసెంబరు 8న అర్ధరాత్రి దాటగానే జపాన్ సేనలు ఆ తీరంలో దిగాయి. పెర్ల్ హార్బర్‌పై బాంబులు పడటానికి ఇంకా గంటకు పైనే ఉంది! సాయంత్రానికి శత్రువు విమానాశ్రయం కంచెదాకా వచ్చేశాడని పుకారు లేచింది. కట్టడాలకు నిప్పుపెట్టి వైమానికదళ సిబ్బంది వెళ్లిపోయారు. పటాలం చెదిరింది. ఆపబోయిన కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కర్నల్ హెండ్రిక్స్ సొంత సిపాయిల తూటాలకే బలయ్యాడని చరిత్రకారులు రాశారు.

ఈ మచ్చను దాచనక్కర్లేదు. కానీ పైవాళ్లే ముందు సర్దుకున్న చోట సిపాయినొక్కణ్నే నిందించడం అన్యాయం.

మలయా పోరు చివర, 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్‌కు లొంగిపోయింది. అక్కడి క్రాంజీ స్మారకం గోడలపై, సమాధి కూడా దక్కని 24,000 మందికి పైగా సైనికుల పేర్లున్నాయి. వారిలో భారతీయులెందరో. సింగపూర్ వెళ్లే మనవాళ్లు ఒక పూట అటు కూడా వెళ్లి రండి.