బాల క్రీడాకారులకు వేగం, చురుకుదనం శిక్షణ

తక్కువ దూరాన్ని వేగంగా పరుగెత్తడం, పరుగులోనే ఆగడం, దిశ మార్చడం, ఎదుటివారి కదలికను పసిగట్టి తక్షణం స్పందించడం... ఎదిగే వయసు పిల్లలకు ఇవన్నీ నేర్పే వ్యాయామ పద్ధతిని వేగం, చురుకుదనం శిక్షణ అంటారు. కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్, ఫుట్‌బాల్, హాకీ ఆటలకు ఇదే పునాది. మన మైదానాల్లో చాలాచోట్ల ఈ పేరుతో జరిగేది మాత్రం పిల్లలు ఆయాసపడి కూలబడేదాకా రౌండ్లు కొట్టించడమే. దానివల్ల దమ్ము పెరగవచ్చుగానీ వేగం రాదు.

అడుగు పొడవు, సెకనుకు పడే అడుగుల సంఖ్య - ఈ రెండింటి లబ్ధమే పరుగు వేగం. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లను 9.58 సెకన్లలో ముగించినప్పుడు వేసినవి దాదాపు 41 అడుగులే. ఆ స్థాయి స్ప్రింటర్ల పాదం పూర్తి వేగంలో నేలను తాకి ఉండేది సెకనులో పదో వంతు కూడా కాదు. అంత తక్కువ వ్యవధిలో నేలను ఎంత బలంగా తన్నగలరన్నదే అసలు సంగతి. తాడాట, ఒంటికాలి గెంతులు, చిన్న చిన్న దూకుళ్లు ఈ శిక్షణలో భాగమైంది అందుకే. జట్టు ఆటల్లో మాత్రం పూర్తి వేగం అందుకునే చోటే తక్కువ. చాలా పరుగులు ఇరవై మీటర్లలోపే ముగిసిపోతాయి కాబట్టి ఒంటిని ముందుకు వంచి నేలను వెనక్కి నెట్టే తొలి నాలుగైదు అడుగులకే ఎక్కువ సాధన కావాలి.

పూర్తి వేగంతో పరుగెత్తడానికి కండరాల్లో నిల్వ ఉండే ఇంధనం కొద్ది సెకన్లకే సరిపోతుంది. మళ్లీ నిండటానికి నిమిషాలు పడతాయి. ప్రతి పది మీటర్ల పరుగుకూ సుమారు నిమిషం విరామం ఇవ్వాలన్నది కోచ్‌లు పాటించే మోటు లెక్క. పిల్లలు పెద్దలకన్నా త్వరగా తేరుకుంటారన్నది నిజమేగానీ అలసిన కాళ్లతో పరుగెత్తితే నెమ్మది పరుగే అలవాటవుతుంది. పన్నెండేళ్ల పిల్లకు ఇరవై మీటర్ల పరుగు ఆరుసార్లు, మధ్యలో తగిన విశ్రాంతి ఉంటే చాలు. స్టాప్‌వాచ్‌లో సమయం పెరగడం మొదలైందంటే ఆ రోజుకు వేగం సాధన ఆపేయాలి.

ఎవరూ పెద్దగా పట్టించుకోనిది ఆగడం. వేగంగా వచ్చిన పిల్లవాడు కోన్ దగ్గర మలుపు తిరిగేటప్పుడు గమనిస్తే తేడా తెలుస్తుంది. నేర్చినవాడు మూడు నాలుగు అడుగుల ముందే అంగలు తగ్గించి, నడుము కిందికి దించి, మోకాళ్లు వంచుతాడు. బయటివైపు పాదాన్ని పూర్తిగా మోపి, అక్కణ్నుంచి నేలను నెట్టి కొత్త దిశలోకి వెళతాడు. నేర్వనివాడు నిటారుగానే వచ్చి ఒక్క అడుగులో ఆగబోతాడు. మోకాలు లోపలికి వాలిపోతుంది. మోకాలి లోపలి స్నాయువు ఏసీఎల్ తెగే ప్రమాదం ఎక్కువగా ఉండేది ఇలాంటి సమయంలోనే. యుక్తవయసు దాటాక ఈ గాయం అబ్బాయిలకన్నా అమ్మాయిలలో ఎక్కువ. ఇలాంటి గాయాలను తగ్గించడానికి రూపొందించిన ‘ఫిఫా 11+’ వార్మప్‌కు పట్టేది దాదాపు ఇరవై నిమిషాలే. ఏ బడి మైదానంలోనైనా దీన్ని చేయించవచ్చు.

దిశ మార్చడం ఒకటి, చురుకుదనం మరొకటి. ఎదురైన సంకేతానికి స్పందిస్తూ ఒంటి వేగాన్ని లేదా దిశను మార్చుకోవడమే చురుకుదనమని 2006లో షెపర్డ్, యంగ్ అనే పరిశోధకులు నిర్వచించారు. నేల మీద పరిచే లాడర్‌లో అడుగులు వేయడం పాదాలకు మంచి సాధనే. కానీ తర్వాతి అడుగు ఎక్కడ పడాలో ముందే తెలిసిపోతుంది కనుక అక్కడ నిర్ణయం తీసుకునే అవసరం లేదు.

ఈ కోణంలో ఖోఖోను మించిన పాఠం దొరకడం కష్టం. 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు కోర్టులో తరిమే అమ్మాయి ఒకసారి ఒకవైపు కదిలితే స్తంభం చేరేదాకా వెనక్కి తిరగకూడదు, మధ్య గీత దాటకూడదు. తప్పించుకునే అమ్మాయికి ఈ రెండు కట్టుబాట్లూ లేవు. అందుకే ఆమె చూపంతా తరిమేవారి భుజం మీద ఉంటుంది. భుజం తిరిగిన క్షణంలోనే కూర్చున్నవారి మధ్య నుంచి అవతలికి జారుకుంటుంది. ముప్పై సెకన్ల కబడ్డీ కూతలోనూ, ఏడు పెంకులాటలోనూ ఇదే విద్య ఉంది. ఖరీదైన సామగ్రి లేదని బాధపడే పల్లె బడులు ఈ ఆటలను వేగం శిక్షణగా ధీమాగా వాడుకోవచ్చు.

వయసును బట్టి పద్ధతి మారాలి. చిన్న వయసులో నాడీ వ్యవస్థ చురుగ్గా రూపుదిద్దుకుంటుంది కనుక ఆటలు, గెంతులు, పోటీ పరుగులు సరిపోతాయి. ఆడపిల్లల్లో సుమారు 12 ఏళ్లకు, మగపిల్లల్లో సుమారు 14 ఏళ్లకు పొడుగు ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు కొందరి పరుగు తడబడుతుంది. మడమ దగ్గరో మోకాలి చిప్ప కిందో నొప్పి మొదలవుతుంది. అది బద్ధకం కాదు. ఆ నెలల్లో దూకుళ్లు తగ్గించి, పిల్లలను తిట్టకుండా చూసుకోవాలి. ఆ తర్వాతి దశలో బలం పెంచే వ్యాయామాలు వేగానికి బాగా తోడ్పడతాయి. బరువులెత్తితే పొడుగు పెరగరన్న భయానికి ఆధారం లేదు. పక్కన తెలిసిన శిక్షకుడు ఉండాలి, అంతే.

ఎంపికల్లోనూ ఈ ఎదుగుదల తేడాను చూడాలి. హకీంపేట, కడప క్రీడా పాఠశాలలు నాలుగో తరగతిలో పిల్లలను చేర్చుకోవడానికి 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, 6×10 మీటర్ల షటిల్ రన్ వంటి పరీక్షలు పెడతాయి. ఒకే తరగతి పిల్లల మధ్య వయసులో దాదాపు ఏడాది తేడా ఉండవచ్చు. ఏడాది మొదట్లో పుట్టినవారే జట్లలో ఎక్కువగా కనిపిస్తున్నారని కెనడా ఐస్ హాకీ ఆటగాళ్లను పరిశీలించి బార్న్‌స్లీ బృందం 1985లోనే తేల్చింది. ఒక్కరోజు టైమింగ్‌తో పిల్లల దారి మూసేయడం అన్యాయం. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను 2022లో 12.82 సెకన్లలో దాటి, 13 సెకన్లలోపు పరుగెత్తిన తొలి భారతీయ మహిళ అయ్యేనాటికి ఆమె వయసు 23. మరుసటి ఏడాది బ్యాంకాక్‌లో ఆసియా స్వర్ణం గెలిచింది.

వారానికి రెండు మూడు రోజులు, రోజు విడిచి రోజు ఈ సాధన చేయిస్తే సరిపోతుంది. వార్మప్ అయిన వెంటనే, కాళ్లు తాజాగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. వట్టి కాళ్లతో సిమెంటు నేల మీద దూకించకూడదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నే ముగించాలి.